బర్మా రాజుకి కిరీటం విప్పిన రోజు

ఆరో తరగతిలో లెక్కల మాస్టారు కుర్చీలో కునుకు తీస్తుంటే ఆయనకి బొగ్గుముక్కతో మీసం దిద్దాను. రెండు వైపులా సమానంగా, చివర్లు పైకి తిరిగి, చాలా బాగా వచ్చింది. మాస్టారు ఆ మీసంతోనే హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళొచ్చారు. నా మొదటి మేకప్పు అదే. నా చదువుకి ఆఖరి రోజు కూడా అదే.

ఆ తర్వాత నలభై ఎనిమిదేళ్ళ పాటు గుడివాడ నుంచి నాటకాలకి డ్రస్సులూ మేకప్పూ సప్లయి చేశాను. మొన్నీ మధ్యే ట్రంకు పెట్టెలు వేరేవాళ్ళకి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, “ఏ కంపెనీ ఫౌండేషన్ వాడేవారండీ?” అని అడుగుతున్నారు. ఆ సంగతులు ఫోన్లో దొరుకుతాయి. ఎవడో ఒకడు వేలు తిప్పుతూ చూపిస్తాడు. ఫోన్లో దొరకని నాలుగు సంగతులు రాసి పెడదామని కూర్చున్నాను. నాకొచ్చిన సన్మానాలు, కప్పిన శాలువాలు ఇందులో రాయను. ఆ శాలువాలు మా ఆవిడ కుట్టు మిషను మీద కప్పింది, దుమ్ము పడకుండా బాగానే పనికొస్తున్నాయి.

కోటయ్య గారి ముడి

నాకు పని నేర్పిన ఓనరు కోటయ్య గారు. గుడివాడలో ఆయన కొట్టు ముందు నిలబడితే గోడ నిండా కిరీటాలు వేలాడుతుండేవి. దేవుడివి, రాక్షసుడివి, రాజులవి అన్నీ పక్కపక్కనే. వాటిలో ఎవరిది పెద్దదంటే రాక్షసుడిదే. “దేవుడికి భక్తులుంటారు. రాక్షసుడికి కిరీటం తప్ప ఎవరున్నార్రా?” అనేవారాయన.

కోటయ్య గారు మంచి పనివాడు, చెడ్డ కోపిష్టి. పొగడటం ఆయనకి చేతకాదు. పని బాగుంటే ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకపోవడమే బహుమతి అని అర్థం చేసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. మీ దగ్గర పిల్లలు పనిచేస్తుంటే ఈ పద్ధతి మాత్రం పాటించకండి. బాగుంటే బాగుందని చెప్పండి, నోరేం అరిగిపోదు.

ఆయన పెట్టిన నియమాలు రెండు. మొదటిది కిరీటం ముడి. అంతకు ముందు కిరీటాలకి చెవి పక్కన చిన్న కొక్కెం ఉండేదట. ఒకసారి ఉయ్యూరులో నాటకం జరుగుతుంటే రాజు వేషగాడికి ఉక్కపోసి, నిండు సభలో కిరీటం తీసి దాంతో విసురుకున్నాడు. జనం ఈలలు వేశారు. ఆ రోజు నుంచి కోటయ్య గారు కొక్కెం పీకేసి తాడు కట్టడం మొదలుపెట్టారు. ఆ తాడుని తడిపి, మెడ వెనక, విగ్గు లోపల రెండు ముళ్ళు వేసేవారు. ఆరిందంటే అది రాయే. రాజు చెయ్యి అక్కడికి అందదు, అందినా ఊడదు. “పెట్టేదీ మనమే, విప్పేదీ మనమే. మధ్యలో రాజుకి దాని మీద ఏ హక్కూ లేదు” అనేవారు.

రెండోది, మేకప్ వాడు స్టేజీ మీద కనబడకూడదు. ఒకసారి రాజదర్బారు సీను జరుగుతుంటే, అవతలి పక్క ఉన్న వేషగాడికి గడ్డం ఇవ్వాలని నేను వెనక తెర ముందు నుంచి లుంగీతో పరుగెత్తాను. కోటయ్య గారు స్టేజీ పక్క చాటున, వింగులోనే చెంప పగలగొట్టారు. “ఆ దర్బారులో నువ్వెవడివిరా? మంత్రివా? సేనాపతివా? నువ్వు కనబడ్డావంటే రాజు పోయాడు, వేషం కట్టిన నారాయణ మిగుల్తాడు” అన్నారు. ఆ చెంపదెబ్బ గట్టిగా పనిచేసింది. నలభై ఏడేళ్ళు స్టేజీ మీద నా నీడ కూడా పడనివ్వలేదు.

సైకిలు సొల్యూషను

నేను చేసిన తప్పుల్లో ముందు చెప్పుకోవలసింది పామర్రు మీసం. మీసాలు అంటించే స్పిరిట్ గమ్ అయిపోయింది. ఆ సమయానికి ఎక్కడా దొరకలేదు. పక్కనే సైకిలు షాపు ఉంటే పంక్చరు సొల్యూషను తెచ్చి రాజు మీసం అంటించాను. నాటకం అయ్యాక మీసం రాలేదు. నూనె రాశాం, కిరసనాయిలు రాశాం, దేవుడికి మొక్కాం. ఏం చేసినా రాలేదు. ఆ వేషగాడికి మర్నాడు పొద్దున్నే పెళ్ళిచూపులు. మెలితిరిగిన ఆ మీసంతోనే వెళ్ళాడు. ఆ మీసం చూసే పిల్ల ఒప్పుకుంది. వారానికి అదే ఊడిపోయింది. ఆ దంపతులు ఇప్పటికీ ఎదురుపడుతుంటారు. ఆయన నమస్కారం పెడతాడు, ఆవిడ తిడుతుంది.

దీన్నిబట్టి నేను నేర్చుకున్నది ఒకటే. అంటించే ముందు, ఇది ఎట్లా ఊడుతుందని ఆలోచించాలి. ఎంత పెద్ద వేషమైనా ఇంటికి వెళ్ళేటప్పుడు మనిషికి తన మొహం తనకి అప్పగించాలి. ఆ సంగతి నాకు పామర్రులో సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి బర్మా రాజు రావలసి వచ్చింది.

మాస్టారి రాజు

నేను పని మానేయడానికి ముందు ఏడాది బందరు ఈడేపల్లి నుంచి రామ్మోహన్ మాస్టారు వచ్చారు. సోషలు చెప్పి రిటైరైన మనిషి. వయసు ఎనభైకి దగ్గర. చేతిలో నోటుపుస్తకం.

“వీర్రాజూ, నాటకం రాశాను. బర్మా ఆఖరి రాజు మీద.”

“మన రాజులందరూ అయిపోయారా మాస్టారూ?”

“వాళ్ళకి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇతనికి తెలుగులో ఎవరున్నారు?”

కథ చెప్పారు. కోటలో పెద్దలు ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. పోటీకి వస్తారని అతని అన్నదమ్ముల్ని, బంధువుల్ని కోటలోనే చంపించారు. అతను ఆపలేదు. మాస్టారు ఆ మచ్చని ఎక్కడా కడగలేదు, ఉన్నదున్నట్టు రాశారు. రాజ్యం ఏడేళ్ళు. ఇంగ్లీషువాళ్ళు నది మీద స్టీమర్లలో వచ్చి, కోట పట్టుకుని, రాజునీ రాణినీ ఎడ్లబండి ఎక్కించి రేవుకి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి ఓడలో మద్రాసు. తర్వాత మన దేశంలోనే పడమటి తీరంలో ముప్ఫై ఏళ్ళు ఉంచారు. మళ్ళీ తన ఊరు చూడకుండా అక్కడే పోయాడు.

“మా నాయనమ్మ వాళ్ళ నాన్న రంగూన్లో బియ్యం మిల్లులో పనిచేశాడు వీర్రాజూ. ఆ స్టీమరు రంగూన్ రేవులో ఆగినప్పుడు చూశాడట. పైన రెయిలింగు దగ్గర ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. కిరీటం లేదు, ఏమీ లేదు. ఎవరో గుమాస్తా అనుకున్నాడట. పక్కనున్న బర్మావాడు నేల మీద మోకరిల్లేసరికి తెలిసింది. ఈయన కూడా దండం పెట్టాడు. రేవులో ఒక్కళ్ళు కూడా మాట్లాడలేదట. ఆ ఓడ మన బందరు సముద్రం మీదుగానే వెళ్ళి ఉంటుంది. నేనొక్కసారి ఆయన్ని మర్యాదగా సాగనంపాలి. అంతే నా నాటకం.”

నాకు చరిత్ర తెలియదు కానీ, మనిషి అడుగుతున్నది ఏమిటో తెలిసింది. సరేనన్నాను.

రాజు వేషానికి నాంచారయ్య. నాగాయలంక మనిషి. పగలు చేపల వేలం పాట పెడతాడు, సాయంత్రం పద్యం పాడతాడు. రెంటికీ గొంతు ఒకటే. దివిసీమలో అతని పద్యానికి ‘వన్స్ మోర్’ పడకుండా నాటకం జరగలేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మన పద్యనాటకాల్లో పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. అప్పుడు వేషగాడు ఎక్కడున్నా, ఏ స్థితిలో ఉన్నా ఆ పద్యం మళ్ళీ పాడాలి. చచ్చినవాడు లేచి పాడి మళ్ళీ చచ్చిన సందర్భాలు నా కళ్ళతో చూశాను.

నాంచారయ్య కథంతా విని, “ఏడేళ్ళకే దిగిపోయాడా మాస్టారూ? మా సొసైటీ ప్రెసిడెంటు ఇరవై ఏళ్ళయినా దిగట్లా” అన్నాడు. రాజు అసలు పేరు అతని నోరు తిరగక, నాటకం అంతటా ‘మహారాజు’ అనే పెట్టేశాం.

బర్మా డ్రస్సు నా దగ్గర ఎక్కడిది? పెడనలో అచ్చు వేయించిన పట్టుగుడ్డ తెచ్చి, బందరులో మస్తాన్ గారికి ఇచ్చాను. మా డ్రస్సులన్నీ కుట్టేది ఆయనే. బొమ్మ చూసి లుంగీ లాంటిది కుట్టారు. నాంచారయ్య కట్టుకుని అద్దంలో చూసుకున్నాడు.

“లుంగీ కట్టుకున్న రాజేంటి బావా? అట్లా అయితే మా నాగాయలంక రేవులో అందరూ రాజులే.”

“వాళ్ళ లుంగీకి జరీ లేదు బావా” అన్నాను.

“మరి మస్తాన్ గారికి?” అన్నాడు, ఆయన కట్టుకున్న పాత జరీ అంచు లుంగీ చూపిస్తూ.

మస్తాన్ గారు సూది నోట్లోంచి తీసి, “నేను ఎప్పుడో దిగిపోయిన రాజుని నాంచారయ్యా. నువ్వు ఇంకా దిగవలసినోడివి. కదలకుండా నిలబడు” అన్నారు.

గుడివాడ: ఊడని రాజ్యం

మొదటి ప్రదర్శన మా గుడివాడలోనే. చివరి సీనులో తెల్లదొర వచ్చి, రాజు తల మీంచి కిరీటం తీసెయ్యాలి. రాజు పద్యం పాడి బండెక్కాలి. దొర వేషం ప్రసాదు అనే కుర్రాడిది. పోస్టాఫీసులో పని. అతనికి నేను సఫేదా, అంటే తెల్లరంగు, కొంచెం ఎక్కువ పట్టించాను. ఇంగ్లీషువాడి కన్నా ఇడ్లీకి దగ్గరగా ఉన్నాడు. అయినా దాని వల్ల నష్టం రాలేదు.

నష్టం వచ్చింది ముడి వల్ల. నలభై ఏళ్ళ అలవాటున, కిరీటం తాడు తడిపి, మెడ వెనక, విగ్గు లోపల రెండు ముళ్ళు వేసేశాను. ఈ రాజుకి స్టేజీ మీదే కిరీటం ఊడాలన్న ఆలోచనే నాకు రాలేదు. కోటయ్య గారి గోడ మీద ఓడిపోయే రాజు కిరీటం ఒక్కటి కూడా లేదు మరి.

ప్రసాదు ఠీవిగా వచ్చి కిరీటం పట్టుకుని ఎత్తాడు. రాలేదు. గట్టిగా లాగాడు. నాంచారయ్య మెడ సాగింది గానీ కిరీటం రాలేదు. ప్రసాదు ఒక కాలు సింహాసనానికి తన్నిపెట్టి లాగాడు. “చస్తున్నాన్రా” అని నాంచారయ్య గొణిగింది మైకులో వినబడింది. ముందు వరసలో ఎవరో, “రాజు ఇవ్వనంటున్నాడు దొరా, ఇంకో రాజ్యం చూసుకో!” అని అరిచారు. చివరికి కిరీటం, విగ్గు, సగం మీసం కలిసి ఒక్కసారి ఊడొచ్చి దొర వెల్లకిలా పడ్డాడు. హాలంతా పడీ పడీ నవ్వారు.

నేను వింగులో తల దాచుకున్నాను. నవ్వు తెప్పించడం నాకు ఇష్టమే. కానీ ఆ రోజు మాస్టారు ముందు వరసలో, నవ్వే జనం మధ్యలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతులు చూశాక నాకు నవ్వు రాలేదు.

అవనిగడ్డ: తిరిగొచ్చిన రాజు

రెండోసారి నాంచారయ్య దివిసీమలోనే, అవనిగడ్డలో. ఈసారి మస్తాన్ గారి చేత తాడుకి బదులు టిచ్ బటన్ కుట్టించాను. ఇట్టే ఊడింది. దొర కిరీటం తీశాడు. నాంచారయ్య తల వంచి, దేశానికి వీడ్కోలు పద్యం ఎత్తుకున్నాడు. ఏం పాడాడు! ఆఖరి రాగం దివిసీమ దాటి సముద్రంలోకి పోయింది. ప్లైవుడ్ ఎడ్లబండి మీద రాణి వేషం వేసిన పద్మజ గారు ఎదురుచూస్తున్నారు. నాంచారయ్య బండి మీద కాలు పెట్టాడు.

“వన్స్ మోర్!”

సొంత గడ్డ, సొంత జనం. నాంచారయ్య కాలు వెనక్కి తీశాడు. అంతటితో ఆగినా బాగుండేది. మళ్ళీ పాడాలంటే మళ్ళీ మొదటి నుంచి రావాలిగా! దొర చేతిలోంచి కిరీటం తీసుకుని, తనే పెట్టుకుని, సింహాసనం ఎక్కి కూర్చుని, ‘ఊఁ, తియ్యి’ అని దొరకి సైగ చేశాడు. ఇలా మూడుసార్లు జరిగింది. మూడోసారికి పద్మజ గారు బండి దిగి వింగులోకి వచ్చి, “వీర్రాజు గారూ, ఆయన వచ్చేదాకా ఆగలేను, నేను ఒక్కదాన్నే ఓడెక్కి వెళ్ళిపోతాను” అన్నారు.

జనం ఆనందంగా ఇళ్ళకి పోయారు. మాస్టారు గ్రీన్ రూముకి వచ్చి ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు.

“మూడుసార్లు దేశం నుంచి పంపాం, మూడుసార్లూ తిరిగొచ్చాడు. ఇంగ్లీషువాళ్ళకి కూడా ఇంత కష్టం కాలేదు నాంచారయ్యా.”

“జనం అడిగితే కాదనలేను మాస్టారూ. నా జన్మలో కాదనలేదు.”

“ఆ రోజు రేవులో ఒక్కళ్ళు కూడా నవ్వలేదయ్యా. ఇప్పుడు రెండు ఊళ్ళలో నవ్వారు. ఆయనకి ఒకసారి జరిగిన అవమానం చాలదని నేను రెండోసారి చేయిస్తున్నాను. బందరు నాటక పరిషత్తు పోటీల్లో మనకి అవకాశం వచ్చింది. అక్కడా ఇంతే అయితే నోటుపుస్తకం మూసేస్తాను. నాకు ఇంకో నాటకం రాసే వయసు లేదు.”

మాస్టారు వెళ్ళాక నాంచారయ్య అద్దం ముందు కూర్చున్నాడు. నేను అతని మొహానికి కొబ్బరినూనె రాసి, పాత పంచె ముక్కతో రంగు తుడుస్తున్నాను. ఒక చెంప తుడిచాను. రెండో చెంప మీద ఇంకా రాజు ఉన్నాడు. అద్దంలో సగం మహారాజు, సగం చేపల పాటగాడు. నా చెయ్యి ఆగిపోయింది.

“బావా, ఈ పని నేను ఇక్కడ ఎందుకు చేస్తున్నాను?”

“మరెక్కడ చేస్తావ్?”

“స్టేజీ మీద.”

చెప్పాను. దొర కిరీటం ముట్టుకోడు. కోటలో ముసలి నౌకరు వచ్చి కిరీటం ముడి విప్పి, జనం చూస్తుండగా మొహం మీద రంగంతా తుడిచేస్తాడు. ఆ మొహంతో పద్యం పాడి, జనం మధ్యలో నుంచి నడిచి బయటికి వెళ్ళిపోవాలి. బండి వద్దు.

నాంచారయ్య అద్దంలోంచి నన్ను చూశాడు.

“రంగు తీసేస్తే నేనెవర్ని బావా? నాటకం మర్నాడు బస్సెక్కితే నన్ను ఒక్కడు కూడా గుర్తుపట్టడు. రాత్రి వన్స్ మోర్ కొట్టినోడే పక్కకి జరగమంటాడు. ఆ మూడు గంటలే నాది. అది కూడా జనం ముందు తుడిచేస్తావా?”

“ఆ రాజు కూడా సరిగ్గా ఇదే అనుకుని ఉంటాడు బావా.”

నాంచారయ్య నా చేతిలో గుడ్డ లాక్కున్నాడు. మిగతా చెంప తనే తుడుచుకున్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “నౌకరు వేషం ఎవరు?” అన్నాడు.

“ఆ ముడి విప్పడం వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు” అన్నాను.

బందరు

పోటీలకి ఆఖరి రోజు, సాయంత్రం మొదటి ఆట మాది. నేను టిచ్ బటన్ పీకేసి, కోటయ్య గారి పద్ధతిలోనే తాడు తడిపి రెండు ముళ్ళు వేశాను. మాస్టారు అడిగారు, “మళ్ళీ ఆ ముడేనా వీర్రాజూ?” అని. “ఊడటానికి టైము పట్టాలి మాస్టారూ. రాజ్యం టిచ్ బటన్ కాదుగా” అన్నాను.

ధైర్యంగానే అన్నాను. తీరా సీను వచ్చేసరికి వింగు అంచు పట్టుకుని నిలబడిపోయాను. నలభై ఏడేళ్ళు ఎంతమందికో ‘వణక్కు, నేనున్నాను’ అని చెప్పి స్టేజీ మీదకి తోశాను. నన్ను తోసేవాడు ఒక్కడూ లేడు. చేతిలో ఇత్తడి గిన్నెలో కొబ్బరినూనె, భుజం మీద గుడ్డ. కోటయ్య గారి చెంపదెబ్బ ఎడమ బుగ్గ మీద మళ్ళీ మండింది. క్షమించండి ఓనరు గారూ అనుకుని వెలుగులోకి అడుగు పెట్టాను.

రాజు వెనక మోకరిల్లి ముడి పట్టుకున్నాను. తడి ఆరి బిగుసుకుపోయి ఉంది. గోటితో ఒక్కో పోగూ సడలించాను. హాలులో ఫ్యాన్లు తిరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మొదటి ముడి వచ్చింది. రెండోది రావడం లేదు. నాంచారయ్య కదలకుండా, పెదాలు ఆడించకుండా, “మెల్లగా కానీ బావా, తొందరేం లేదు” అన్నాడు. అది నాటకంలో మాట కాదు, నాకు ధైర్యం చెప్పడం. రెండో ముడి కూడా వచ్చింది. కిరీటం తీసి నేల మీద పెట్టాను. విగ్గు తీశాను. మీసం తీశాను, ఈసారి స్పిరిట్ గమ్మే వాడాను లెండి. తర్వాత గిన్నెలో గుడ్డ ముంచి ముందు నుదురు తుడిచాను. తర్వాత కుడి చెంప, ఎడమ చెంప, గడ్డం.

రంగు కింద నుంచి అరవైకి దగ్గరపడిన మనిషి మొహం వచ్చింది. ఉప్పుగాలికి కమిలిన బుగ్గలు, కంటి కింద సంచులు, కనుబొమ మీద పాత గాటు. హాలులో ఎవరో ‘అయ్యో’ అన్నారు. నవ్వు లేదు.

నాంచారయ్య లేచి పద్యం పాడాడు. అవనిగడ్డలో గొంతు చూపించుకున్నాడు. ఇక్కడ చూపించుకోలేదు. రాగం కావలసినంతే తీసి ఆపేశాడు. పద్మజ గారి వెంట మెట్లు దిగి, కుర్చీల మధ్య దారిలో నడవడం మొదలుపెట్టాడు.

సగం దారిలో ఉండగా వెనక నుంచి వినబడింది.

“వన్స్ మోర్!”

ఇంకో ఇద్దరు అందుకున్నారు. నాంచారయ్య ఆగిపోయాడు. స్టేజీ మీద గిన్నె పట్టుకుని కూర్చున్న నాకు అతని వీపు ఒక్కటే కనబడుతోంది. భుజాలు బిగుసుకున్నాయి. ఒక మడమ లేచింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు అతన్ని చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది, అది నాకు తెలుస్తోంది. వింగులో మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

ఆ కాలు ముందుకే పడింది.

దారి పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ లేచి నిలబడి వెనక్కి తిరిగి అరిచింది. “ఎవర్రా ఆ అరిచేది? ఆయన్ని పోనివ్వండి!” తను పక్కకి ఒదిగి దండం పెట్టింది. ఆవిడ వరస లేచింది. దాని వెనక వరస లేచింది. నాంచారయ్య తలుపు చేరేసరికి హాలులో కూర్చున్నవాళ్ళు లేరు. తలుపు మూసుకునే దాకా చప్పట్లు లేవు, దగ్గు కూడా లేదు. మూసుకున్నాక మొదలైన చప్పట్లు, మేం తెర దించి, గిన్నె కడిగి, కిరీటం పెట్టెలో పెట్టినా ఆగలేదు.

మాస్టారు నా చేతిలో ఉన్న నూనె గుడ్డ తీసుకుని కళ్ళు తుడుచుకున్నారు. మొహమంతా రాజు రంగు అయింది. చెప్తే తుడుచుకుంటారని చెప్పలేదు.

నాంచారయ్య కోసం బయటికి పరుగెత్తాను. ఎవరిదో స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు.

“ఎన్ని పడ్డాయి బావా?”

“మూడు గొంతులు విన్నాను.”

“నేను నాలుగు విన్నా. వెనక్కి రాలేదు, చూశావా?”

“చూశాను బావా.”

“అమ్మో! ఆ పది అడుగులు వెయ్యడం కన్నా సముద్రం ఈదడం తేలిక.”

మర్నాడు

పొద్దున బహుమతుల సభ. ఉత్తమ రచన మాస్టారికి వచ్చింది. ఉత్తమ నటుడు నాంచారయ్య. ఉత్తమ ఆహార్యం నాకు. షీల్డు ఇస్తూ న్యాయనిర్ణేత గారు నా చెవిలో అడిగారు.

“ఆ చివరి సీనులో రాజు మొహానికి ఏం వాడారండీ? అంత సహజంగా వచ్చింది!”

“ఏం వాడలేదండీ. ఉన్నది తీశాను.”

ఆయన అది వినయం అనుకున్నారు. పిల్లలూ, అది వినయం కాదు, పని. రంగు వెయ్యడం మీకు ఎవరైనా నేర్పుతారు. కోటయ్య గారు నాకు నేర్పిన రెండు నియమాలూ మంచివే, నలభై ఏడేళ్ళు అన్నం పెట్టాయి. వాటిలో ఒకదాన్ని ఒక్క సాయంత్రం పక్కన పెట్టాను. ఏ సాయంత్రం పక్కన పెట్టాలో ఆయన చెప్పలేదు. మీకు నేనూ చెప్పలేను. కథ అడుగుతుంది, వినడం మీ పని. ఇంకొక మాట. మీ గురువు గారిని తప్పు పట్టడానికి మాత్రం నాలాగా నలభై ఏడేళ్ళు ఆగకండి.

సభ అయ్యాక నాంచారయ్యని అవనిగడ్డ బస్సు ఎక్కించడానికి బస్టాండుకి వెళ్ళాను. పాత చొక్కా, లుంగీ, చంకలో షీల్డు. రంగు లేదు, మీసం లేదు. బస్సు నిండిపోయి ఉంది. మెట్టు మీద వేలాడుతూ లోపలికి తోసుకుంటున్నాడు. కిటికీ పక్కన ఖాళీ చేపల గంపలతో కూర్చున్న ఒకావిడ అతని మొహం వంక ఎగాదిగా చూసింది. పక్కనున్నామెని మోచేత్తో పొడిచింది.

“ఒసే, నిన్నటి నాటకంలో మన రాజు గారే! లెగు, లెగు. సీటియ్యి.”

నాంచారయ్య నిలువునా నిలబడిపోయాడు. తర్వాత నవ్వాడు.

“రాజ్యం పోయింది గదమ్మా, ఇంక సీటెందుకు?”

“రాజ్యం పోతే పోయిందిలే, కాళ్ళనొప్పులు పోలేదుగా. కూర్చో సామీ!”

గంపలు కాళ్ళ కిందకి సర్దారు. ఇద్దరు లేచారు, మూడో ఆవిడ షీల్డు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కదిలింది. నాంచారయ్య కిటికీ అద్దం పూర్తిగా వెనక్కి తోసి, మొహం బయటికి కనబడేలా కూర్చున్నాడు.